పదమూడు ముడుల తాడు

నేను చెబుతున్నాను, నా కూతురు రాస్తోంది. నాకు చదవడం బాగానే వచ్చు. రాయడమూ వచ్చు గానీ, నా చేతి అక్షరాలు ఒక్కొక్కటి గుమ్మడికాయంత ఉంటాయి. రెండు మాటలు రాసేసరికి కాగితం నిండిపోతుంది. అందుకే నోటితో చెప్పేస్తున్నాను. "అమ్మా, కొంచెం మెల్లిగా" అంటోంది పిల్ల. మెల్లిగా ఎలా చెప్పను? మా ఇంటి అటక మీది పుస్తకాల పెట్టెను నేను ఎలా నిలబెట్టుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్ళు ఒకచోట ఆగవు.

నా పెనిమిటి ఒక వానాకాలంలో కొండజ్వరం వచ్చి పోయాడు. అప్పటికి పిల్ల చిన్నది, ఆశ్రమ పాఠశాలలో వేశాను. ఇంట్లో నేనూ మా అత్తా మిగిలాం. ఆ మరుసటి ఏడే మా ఊరి బడి వరండాలో పెద్దవాళ్ళకి చదువు చెప్పడానికి పల్లపు దేశం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. మగవాళ్ళు మూడు రోజులు వచ్చి మానేశారు. ఆడవాళ్ళు వారం వచ్చి మానేశారు. నేను మానలేదు. ఇంట్లో కూర్చుంటే పోయినవాడు గుర్తొస్తాడు. పలక ముందు కూర్చుంటే "ఖ" ఎటు తిరుగుతుందో తప్ప ఇంకేమీ గుర్తు రాదు. అందుకని వెళ్ళాను. వెళ్ళగా వెళ్ళగా, ఒకరోజు అక్షరాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని మాటలైపోయాయి! ఎలా అయ్యాయో నాకూ తెలియదు. గింజ నాటినవాడికి మాత్రం మొలక ఏ ఘడియలో లేచిందో తెలుస్తుందా?

కానీ అసలు పిచ్చి పట్టించింది టీచరమ్మ కాదు, ఎండుచేపల పొట్లం.

శుక్రవారం అరకు సంతలో నెత్తళ్ళు కొన్నాను. ఇంటికొచ్చి పొట్లం విప్పి చేపలు చేటలో పోశాను. కాగితం పారేయబోతూ చూస్తే అందులో కథ ఉంది. ఒక పిల్ల, వాళ్ళ నాన్నకి మందు తేవాలి, ఏరు దాటాలి. పడవవాడు అంటాడూ, "నువ్వు ఒక నిజం చెబితే దాటిస్తాను" అని. ఆ పిల్ల నోరు తెరిచింది. అంతే! కాగితం అయిపోయింది. వెనక్కి తిప్పితే ఏదో సబ్బు బొమ్మ.

ఏం చెప్పిందో ఆ పిల్ల? కలుపు తీస్తుంటే అదే ఆలోచన. నీళ్ళు మోస్తుంటే అదే ఆలోచన. మళ్ళీ శుక్రవారం వచ్చిందో లేదో, సంతకి పరుగెత్తుకుంటూ పోయి చేపలవాడి ముందు నిలబడ్డాను.

"బాబూ, పోయిన వారం నెత్తళ్ళు కట్టిన కాయితం ఉన్నాది కదా, దాని తరవాతి కాయితం ఇయ్యి."

"నీకు ఎండుసేపలు కావాలా, కాయితం కావాలా?"

"పడవోడు అడిగినాడు. ఆ గుంట ఏటి సెప్పిందో తెలీక వారం నుంచి నాకు కూడు దిగడం నేదు."

"ఏ పడవోడు? ఏ గుంట? ఓలమ్మా, పొద్దున్నే ఏటైనా తాగొచ్చినావేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు పడి పడి నవ్వారు. నవ్వితే నవ్వనీ. వాడి కాగితాల కట్టంతా వెతికాను. దొరకలేదు. ఒక లెక్కల పరీక్ష కాగితం దొరికింది, సగం పెళ్ళి శుభలేఖ దొరికింది. అవే తెచ్చుకుని చదివాను. ఆ రోజు నుంచి ఇంటికి ఏ పొట్లం వచ్చినా ముందు కాగితం చదవడం, ఆ తర్వాతే లోపలి సరుకు. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ కవర్లలో కడుతున్నారు, కవరు మీద చదవడానికి ఏముంటుంది? అప్పుడలా కాదు, బెల్లానికో కథ, మిరపకాయలకో కథ. ఒకటే బాధ. ఏ కథకీ తల ఉంటే తోక ఉండదు, తోక ఉంటే తల ఉండదు.

ఇంతలో చదువుల కార్యక్రమం అయిపోయింది. టీచరమ్మకి వెళ్ళిపొమ్మని కాగితం వచ్చింది. వెళ్ళే ముందు ఆమె ఒక ఆకుపచ్చ రేకు పెట్టె తెప్పించింది. అందులో నలభై రెండు పుస్తకాలు. ఊరివాళ్ళందరినీ కూర్చోబెట్టి, "ఇది ఎవరింట్లో పెట్టుకుంటారు?" అని అడిగింది. ఊరి పెద్ద తన ఇంట్లో ధాన్యానికే చోటు లేదన్నాడు. ఇంకొకాయన చెద పట్టేస్తుందన్నాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. నేను లేచాను.

"టీచరమ్మా, ఈ పుస్తకాలకి మొదలూ సివరా రెండూ ఉన్నాయా?"

ఆమె నవ్వింది. "అన్నింటికీ ఉన్నాయమ్మా."

"ఐతే మా ఇంట్లో పెట్టేయండి."

మా అత్త అక్కడే నా కొంగు పట్టుకుని లాగింది. "ఓసి, ఏటే నీకు? అవి తినడానికొస్తాయా, కప్పుకోడానికొస్తాయా? రేపు ఒకటి పోతే జీపులో ఒచ్చి నన్నట్టుకుపోతారు."

"నిన్నట్టుకుపోయి ఏటి సేసుకుంటారత్తా? నీ నోటికి భయపడి మద్దిలోనే దింపేత్తారు."

అలా పెట్టె మా ఇంటికి వచ్చింది. పొయ్యి పైన అటక మీద పెట్టాను. కింద పొయ్యి పొగ రోజూ తగులుతుంటే చెద ఆ దాపులకే రాదు. విత్తనాల కంకులు దాచుకునేది కూడా అక్కడే. పుస్తకాలన్నీ పొగ వాసన వేసేవి. ఇప్పటికీ పొగ వాసన లేని పుస్తకం చేతికిస్తే నాకు సగం చదివినట్టే ఉండదు!

టీచరమ్మ ఒక రిజిస్టరు కూడా ఇచ్చింది. ఎవరు తీసుకున్నారు, ఏ పుస్తకం, ఎప్పుడు, అన్నీ అందులో రాయాలి. "పెట్టె ఆఫీసుది. ఎప్పుడో ఒకప్పుడు తనిఖీకి వస్తారు. లెక్క సరిగ్గా ఉంటే ఇక్కడే ఉంచుతారు. లేకపోతే తీసుకుపోయి వేరే ఊరికి ఇచ్చేస్తారు. జాగ్రత్త" అని మరీ మరీ చెప్పి వెళ్ళిపోయింది.

మొదటి రోజే ఎదురింటి వదిన పొడుపు కథల పుస్తకం కావాలని వచ్చింది. నేను రిజిస్టరు తెరిచి, కాళ్ళు బారచాపుకుని, నాలుక బయటపెట్టి రాయడం మొదలుపెట్టాను. ఆమె పేరు సగం రాసేసరికి పొయ్యి మీద చోడంబలి మాడిపోయింది. వదిన లేచి, "నీ పుస్తకం వొద్దు, నువ్వూ వొద్దు, మా గొడ్లు చేలో పడ్డాయి, నాను పోతన్నాను" అంది. నేను వెనకాల పరుగెత్తి పుస్తకం చేతిలో పెట్టి వచ్చాను. రిజిస్టరులో ఆ సగం పేరు అలాగే ఉండిపోయింది.

రాస్తూ కూర్చుంటే జనం పారిపోతారు. రాయకపోతే లెక్క తప్పుతుంది. మరెలా? ఆలోచించి ఆలోచించి నాకు వచ్చిన విద్యే వాడాను. మా కొండల్లో అడ్డాకు తీగ నారతో తాళ్ళు పేనడం ప్రతి ఆడదానికీ వచ్చు. ఒక్కో ఇంటికి ఒక్కో తాడు పేని, దూలానికి వరసగా వేలాడదీశాను. మొదటి తాడు ఎదురింటిది, రెండోది దాని పక్కింటిది, ఊళ్ళో ఇళ్ళు ఎలా ఉన్నాయో దూలానికి తాళ్ళూ అలాగే. ఎవరైనా పుస్తకం తీసుకుంటే వాళ్ళ తాడుకి ముడి. మరి ఏ పుస్తకమో? ముడిలో గుర్తు పెట్టేదాన్ని. మేకల పెంపకం పుస్తకమైతే మేక వెంట్రుకలు. పసుపు పంట పుస్తకమైతే ఎండు పసుపు ముక్క. రాజుల కథలకి నెమలీక పీచు. జ్వరాల పుస్తకానికి వేపపుల్ల. ఎలుగుబంటిని మోసం చేసిన ముసలమ్మ కథకి చింతగింజ. ఎందుకంటే ఆ ముసలమ్మ చింతచెట్టే ఎక్కుతుంది! పుస్తకం తిరిగొస్తే ముడి విప్పేయడమే. పొయ్యి దగ్గర కూర్చుని తల పైకెత్తితే చాలు, ఊరు ఊరంతా ఏం చదువుతోందో నాకు కనబడేది. ఆ సంబరం ఏమని చెప్పను!

గుర్తు పెట్టాలంటే లోపల ఏముందో తెలియాలి కదా. అందుకని ఒక్కో పుస్తకమూ నేనే ముందు చదివేదాన్ని. కొన్నింటికి వారం పట్టేది, కొన్నింటికి నెల. ఒక కథ చివరికంటా చదివి అట్ట మూసిన మొదటిసారి ఇంట్లోంచి బయటికొచ్చి, "అయిపోయింది! అత్తా, కత అయిపోయింది!" అని అరిచాను. మా అత్త ఎవరో చచ్చిపోయారనుకుని గుండెలు బాదుకుంటూ వచ్చింది.

ఇక్కడే నేను ఒక తప్పు చేశాను. మా కొండల్లో పుట్టిన మనిషి చేయకూడని తప్పు.

మా దగ్గర పెళ్ళో పండగో ఉంటే శుభలేఖలు లేవు, ముడుల తాడు పంపేవాళ్ళం. ఇంకా ఎన్ని రోజులుందో అన్ని ముడులు. తాడు అందుకున్నవాళ్ళు రోజూ పొద్దున్న ఒక ముడి విప్పుతారు. ఆఖరి ముడి విప్పిన రోజు బయలుదేరి వచ్చేస్తారు. ఇది నాకు తెలియనిదా? చిన్నప్పుడు మా అమ్మ ఒళ్ళో కూర్చుని ఎన్ని ముడులు విప్పలేదు నేను! కానీ పుస్తకాల ధ్యాసలో పడి, ముడి అంటే పుస్తకమే అన్నట్టు అయిపోయింది నా బుర్ర.

గెడ్డ, అదే మా కొండవాగు, దాని అవతల కొండ మీద పై ఊరు ఉంది. అక్కడ మా మామయ్యకి వరసకి అన్న అయ్యే ముసలాయన ఉన్నాడు, నేనూ మామా అనే పిలుస్తాను. ఆయన కోడలు ఒకరోజు అల్లం గంపతో సంతకి దిగి, తిరిగి వెళ్తూ మా ఇంటికి వచ్చింది. పుస్తకాల మాట విన్నారట, పై ఊళ్ళో నలుగురు పిల్లలు చదవడం నేర్చారట, వాళ్ళు చదివితే పెద్దవాళ్ళు వింటారట. నాకు ఒళ్ళు తెలియలేదు. మాటిమాటికీ దిగిరాలేరు కదా అని పదమూడు పుస్తకాలు ఎంచి, ఖాళీ గంపలో సర్దాను. అక్కడ ఏ ఇల్లు ఎటుందో నాకు తెలియదు, ఇంటికో తాడు వేయలేను. అందుకని పదమూడేసి ముడులతో రెండు తాళ్ళు పేనాను. ఒకటి మా దూలానికి కట్టాను. రెండోది గంపలో పుస్తకాల మీద పెట్టాను. ఒక్కో పుస్తకం వెనక్కి పంపినప్పుడల్లా అక్కడొక ముడి విప్పుతారని నా ఉద్దేశం. ఉద్దేశం అంతా నా కడుపులోనే ఉంది. వాన ముంచుకొస్తోందని ఆ పిల్ల తొందరపడుతుంటే, "తాడు జాగర్త, మామకియ్యి" అని మాత్రం అన్నాను.

నాలుగైదు రోజులకి ఉత్తరం వచ్చింది. రోడ్డు దగ్గర టీ కొట్టులో ఇచ్చి పోయారట. నా పేరుతో ఉత్తరం! నా జన్మలో మొదటిది! గుమ్మంలో కూర్చుని నేనే చదివాను. మొదటి వరసలు చదువుతుంటే పొంగిపోయాను. చివరి వరసకి వచ్చేసరికి లేచి నిలబడ్డాను. వచ్చే వారం తనిఖీకి వస్తున్నారు, రిజిస్టరు చూపించవలెను, లెక్క తేలనిచో పెట్టె తిరిగి తీసుకొనబడును. "తీసుకొనబడును" అన్న మాటని మూడుసార్లు కూడబలుక్కుని చదివాను, తప్పు చదివానేమోనని. తప్పు చదవలేదు.

రిజిస్టరులో సగం పేరుంది. పదమూడు పుస్తకాలు గెడ్డ అవతల ఉన్నాయి. ఆ వారమంతా వాన. గెడ్డ ఎర్రగా పొంగి, దాటేందుకు వేసిన దుంగల్ని ఎత్తుకుపోయింది. ఇటునుంచి అటు మనిషి కాదు కదా, కేక కూడా పోదు.

ఇంక నేనేం చేశాననుకున్నారు? రాయడం నేర్చుకున్నాననుకున్నారా? లేదు, చదివాను! పెట్టెలో నేను ఇంకా చదవనివి తొమ్మిది ఉన్నాయి. పెట్టె పోతే పోతుంది, లోపలిది నాలో మిగలాలి కదా. గొడుగు కింద చదివాను, గొడ్ల వెనక నడుస్తూ చదివాను. మా ఆవు పక్కవాళ్ళ సామచేలో పడి సగం మేసేసింది. చుక్కల గురించిన పుస్తకం చదువుతున్నాను అప్పుడు, ఆవు ఎక్కడ గుర్తుంటుంది? పక్కింటావిడ కర్ర పట్టుకుని వచ్చి, "ఆవునట్టుకెల్లిపోతావా, నీ పుస్తకాన్ని ఈ ఆవుకే మేపమంటావా?" అంది. ఎనిమిది పూర్తి చేశాను. తొమ్మిదోది సగంలో ఉండగా తనిఖీ సారు వచ్చేశాడు.

ఆ పొద్దున వాన వెలిసింది. సారు చిన్నవాడే, తెల్లచొక్కా, సన్నగా ఉన్నాడు. జీపు రోడ్డు మీద వదిలి నడిచొచ్చాడు, కాలికి జలగ పట్టుకుంది. మా అత్త ఉప్పు వేసి జలగని ఊడదీసి, మా దొడ్లో కాఫీ గింజలు కాచి ఒక గ్లాసు ఇచ్చింది. మంచం మీద కూర్చుని తాగి, "రిజిస్టరు తేమ్మా" అన్నాడు.

తెచ్చాను. తెరిచాడు. మొదటి పేజీలో సగం పేరు. రెండో పేజీ తెలుపు. మూడో పేజీ తెలుపు.

"ఇదేంటమ్మా?"

"రిజిస్టరు ఇందులో నేదు బాబూ. అదిగో, పైనున్నాది" అని దూలం చూపించాను.

తల ఎత్తి చూశాడు. గాలికి తాళ్ళు ఊగుతున్నాయి. నేను స్టూలు ఎక్కి ఒక్కొక్కటీ పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఇది ఎదురింటిది, నెమలీక ఉంది చూడండి, రాజుల కథలు వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఇది ఊరి పెద్ద ఇల్లు, మేక వెంట్రుకలు, ఆయన మేకలకి గాలికుంటు వచ్చింది, అందుకని. సారు నమ్మలేదు. తనే ఒక ముడి పట్టుకుని, "ఇది చెప్పండి" అన్నాడు. చింతగింజ! కథ మొత్తం చెప్పేశాను, ఎలుగుబంటి గొంతు పెట్టి మరీ చెప్పాను. సారు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఊళ్ళో పుస్తకాలన్నీ ఇళ్ళవాళ్ళు తెచ్చి మా వరండాలో పెట్టారు. పెట్టెలోవీ అవీ నా చేతిలోదీ కలిపి ఎంచాడు. ఇరవై తొమ్మిది.

"మిగతా పదమూడు?"

"పై ఊర్లో ఉన్నాయి బాబూ. ఇదిగో తాడు."

"అమ్మా, మీ తెలివి నాకు అర్థమైంది. కానీ నేను ముడులు రాసుకెళ్తే ఆఫీసులో నన్ను చూసి నవ్వుతారు. పుస్తకం కనబడాలి, లేకపోతే కాగితం మీద సంతకమైనా కనబడాలి. రెండూ లేవు." నా మొహం చూడకుండానే ఆ మాట అన్నాడు. ఆ తర్వాత పెట్టె దగ్గరికి లాక్కుని పుస్తకాలు లోపల సర్దడం మొదలుపెట్టాడు.

నేను సగం చదివిన తొమ్మిదోది నా చంకలో ఉంది. అది కూడా ఇమ్మని చెయ్యి చాపాడు. నాకు చెయ్యి రాలేదు. "బాబూ, పదకొండు పేజీలే ఉన్నాయి, సదివేసి ఇత్తాను" అన్నాను. మళ్ళీ ఎండుచేపల కాగితమే నా బతుకు అనుకున్నాను.

అప్పుడు డప్పు వినబడింది.

ముందు దూరంగా, గెడ్డ వైపు నుంచి. ఆ తర్వాత సన్నాయి. ఆ తర్వాత ఆడవాళ్ళ పాట. మేమందరం గుమ్మంలోకి వచ్చి చూస్తే, కొండ మీద నుంచి పై ఊరు మొత్తం దిగుతోంది! ముప్పై మందో నలభై మందో. తలల్లో పూలు, భుజాల మీద జీలుగు కల్లు కుండలు, మెడలో దండ వేసిన మేక. అందరికంటే ముందు మా ముసలి మామ, చేతిలో నా తాడు. దానికి ఒక్క ముడీ లేదు.

"ఒచ్చేసినాం కోడలా!" అని వాకిట్లోంచే కేక వేశాడు. "ఆకరి ముడి ఈ పొద్దే ఇప్పినాను. గెడ్డ కూడా ఈ పొద్దే దారిచ్చింది. మంచి గడియే ఎట్టినావు! ఏడీ, పెల్లికొడుకేడీ?"

వాకిట్లో కొత్త మనిషి ఒక్కడే ఉన్నాడు. ముసలాయన నేరుగా వెళ్ళి సారు నెత్తి మీద పసుపు బియ్యం పోసేశాడు. డప్పు ఒక్కసారి హోరెత్తింది.

"సన్నంగా ఉన్నాడు గానీ పరవాలేదు. మన సోడంబలి పడితే దిట్టమైపోతాడు."

సారు గభాల్న వెనక్కి గెంతాడు. "నాకు పెళ్ళయింది! ఇద్దరు పిల్లలు!"

"ఐతే ఏటి బాబూ? ఆ యమ్మ ఒప్పుకుంటే సాలు కదా."

మా అత్త చేతిలో కాఫీ గిన్నె కింద పడేసింది. "ఓసే! మారుమనువు ఆడితే ఆడినావు, నానేటి వొద్దంటానా? నాకు సెప్పకుండానా? ఇన్నాల్లూ పుస్తకాలు, పుస్తకాలని ఈ పంతులు కోసమా నువ్వు సదివింది?"

నాకు అప్పుడు వెలిగింది. మామ చేతిలోని బోడి తాడు చూశాను, దూలానికి వేలాడుతున్న పదమూడు ముడుల తాడు చూశాను, నుదురు కొట్టుకున్నాను. నవ్వు మొదలైంది చూడండి, నేల మీద కూర్చుండిపోయాను. నవ్వుతూ ఏడుస్తూ, "మామా, అవి రోజులు కావు మామా, పుస్తకాలు" అన్నాను.

ముసలాయన తాడు వంక చూశాడు, నా వంక చూశాడు. "ముడి పుస్తకమెప్పుడైనాదే? మా తాతల కాడినుంచీ ముడంటే రోజు. నీకు మొగుడు పోయి అయిదేళ్ళైంది, తాడంపినావు. పెల్లికి కాకపోతే మరేటికనుకుంటాం? మేక సూడు, దాని మొగం సూడు, ఇప్పుడు దానికి నువ్వే సెప్పుకో."

జనమంతా గొల్లున నవ్వారు. సారు చొక్కాలోంచి బియ్యం దులుపుకుంటున్నాడు.

అప్పుడు మామ కోడలు ముందుకొచ్చి గంప దించింది. పైన అడ్డాకులు కుట్టి కప్పారు, వాన పడకుండా. ఆకులు తీసింది. లోపల పుస్తకాలు! మారుమనువు చేసుకున్న ఆడది మరో ఊరు వెళ్ళిపోతుంది కదా. వెళ్ళేవాళ్ళ వస్తువు మన ఇంట్లో ఉంచుకోకూడదని, ఇల్లిల్లూ తిరిగి అన్నీ పోగుచేసి తెచ్చారట. నా తప్పే నా పుస్తకాల్ని గెడ్డ దాటించింది!

సారు మళ్ళీ మంచం మీద కూర్చుని ఎంచాడు. డప్పు ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు. అందరూ ఆయనతోపాటు పైకే ఎంచుతున్నారు. పదకొండు. పన్నెండు. గంప ఖాళీ.

మళ్ళీ ఎంచాడు. పన్నెండే.

"నలభై ఒకటి" అన్నాడు మెల్లిగా. నేను గంపలోని ఆకులన్నీ దులిపాను. సముద్రం బొమ్మల పుస్తకం లేదు. పెద్ద అట్ట, లోపల ఓడలు, చేపలు, ఇసుక. మామ కోడలు ప్రమాణం చేసింది, ఆ పుస్తకం ఏ ఇంట్లోనూ దొరకలేదట.

గుంపులో వెనక ఒక ముసలమ్మ ఉంది. పళ్ళు లేవు, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని ఉంది. నా దగ్గరికి వచ్చి, మొహంలో మొహం పెట్టి అడిగింది.

"నిజంగా పెల్లి నేదా?"

"నేదు అమ్మమ్మా."

"ఈ ఊరొదిలి ఎల్లవా?"

"ఎక్కడికెల్తాను? పొయ్యి ఇక్కడే, అటక ఇక్కడే."

"పెట్టి కూడా ఇక్కడే ఉంటాదా?"

నేను సారు వంక చూశాను. నేనే, "ఉంటాది" అనేశాను.

ముసలమ్మ ఒడి విప్పింది. సముద్రం బయటికొచ్చింది. "నువ్వెల్లిపోతే మల్లీ నాకెవులిత్తారని దాసినాను. నాను నీల్లంటే గెడ్డే సూసినాను. ఇన్ని నీల్లు ఒక్కసోట ఉంటాయని మా మనవరాలు సదివితే, అబద్దమని దాన్ని కొట్టినాను. మల్లీ బొమ్మ సూసి నమ్మినాను. ఇదిగో, నువ్వుంటానంటన్నావు కాబట్టి ఇచ్చేత్తన్నాను."

సారు ఆ పుస్తకం అందుకుని కాసేపు అట్ట తుడుస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత పెట్టెలో సర్దినవన్నీ మళ్ళీ బయటికి తీసి, జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు.

"లెక్క సరిపోయింది. కానీ రిజిస్టరు ఖాళీగా తీసుకెళ్ళను. నేను రాయను, మీరే రాయాలి. మీరు రాసేదాకా ఇక్కడే కూర్చుంటాను."

"నలభై రెండా బాబూ?"

"నలభై రెండు. కొంచెం చిన్న అక్షరాలతో రాయండమ్మా, కాగితాలు అయిపోతాయి."

తెచ్చిన మేకని తిరిగి కొండ ఎక్కించకూడదన్నాడు మామ. ఒకవైపు మేక ఉడుకుతోంది, ఒకవైపు ఆడవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని ధింసా మొదలుపెట్టారు. మధ్యలో నేను మంచానికి రిజిస్టరు ఆనించుకుని రాస్తున్నాను. ఒకరు పుస్తకం పేరు చదువుతారు, ఒకరు అక్షరం గుర్తు చేస్తారు, ఎదురింటి వదిన, "నా పేరు సగమే రాసినావు, మిగతా సగం రాయి" అని పోట్లాడుతుంది. పది రాసేసరికి చెయ్యి నొప్పి. ఇరవై రాసేసరికి నొప్పి పోయింది. ముప్పై దాటాక నా అక్షరాలు గుమ్మడికాయల నుంచి వంకాయలయ్యాయి! సారుని ఆడవాళ్ళు లాక్కుపోయి వరసలో నిలబెట్టారు. అడుగు తప్పు వేసినప్పుడల్లా మా అత్త, "పెల్లికొడకా, ఎడంకాలు!" అని అరుస్తోంది. అడ్డాకు విస్తరిలో భోజనం చేసి, పొద్దు వాలుతుండగా, నలభై రెండో వరస కింద సంతకం పెట్టి, పెట్టె నాకే వదిలి వెళ్ళాడు.

ఆ తర్వాత ఎన్నో రిజిస్టర్లు నిండాయి. పెట్టె చాలక బీరువా వచ్చింది, నా కూతురికి టీచరు ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని ఇదంతా రాస్తూ నవ్వుతోంది. కానీ ఆ రోజు రాసిన నలభై మూడో వరస అంటేనే నాకు ఎక్కువ ఇష్టం. సారు వెళ్ళాక ముసలమ్మ కదలలేదు. పెట్టె పక్కనే కూర్చుని ఉంది. అడగలేదు, చూస్తోందంతే. నేను సముద్రం తీసి ఆమె ఒడిలో పెట్టాను. రిజిస్టరు తెరిచి, పేరూ పుస్తకమూ తేదీ రాశాను, ఎవరూ అక్షరం అందివ్వకుండా.

రాశాక కూడా చెయ్యి ఊరుకోలేదు. ఒక తాడు తీసి, ముడిలో గవ్వ పెట్టి దూలానికి కట్టాను. ముసలమ్మ అది చూసి, "నాకూ ఒక తాడియ్యి, గురుతుంటాది" అంది.

తాడు మాత్రం ఇవ్వలేదు.